శనివారం ఆగే కారు

కారు ఎందుకు ఆగిపోయిందో చెప్పలేని మనిషి బళ్ళారి జిల్లాలో లేడు. ఆగిన కారును కదిలించగలిగినవారి సంగతి వేరు, వారు అరుదు. కారణం మాత్రం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది, అడగకముందే అందుతుంది.

ఈ సత్యాన్ని కోదండరామి వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై తొమ్మిదిలో, ఒక శనివారం మధ్యాహ్నం, సిరిగేరి దగ్గర కాలువ గట్టు పక్క రోడ్డు మీద తెలుసుకున్నాడు.

అతని కంటె ముందు అతని కారును పరిచయం చెయ్యడం న్యాయం. అతడూ అలాగే చేసేవాడు. ఎర్రటి రంగు. రెండే సీట్లు. గుర్రం మొహంలా పొడుగాటి ముందుభాగం, సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు, ఎండకూ వానకూ కలిపి ఒక గుడ్డ పైకప్పు. పెట్రోలు ట్యాంకు సీట్ల వెనక, దాని మీద అరచేయంత గుండ్రటి మూత. సండూరు గనుల్లో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు స్వదేశానికి వెళ్ళిపోతూ దాన్ని కోదండరామికి అమ్మాడు. వెళ్ళేముందు కారును నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడట. అది ఎడబాటు వల్ల కలిగిన దుఃఖం కాదనీ, కొన్నవాడి మీద జాలి అనీ కోదండరామికి కొంత ఆలస్యంగా అర్థమైంది.

ఇటువంటి కారు ఉన్న ప్రతివాడూ కాలక్రమాన తత్త్వవేత్త అవుతాడు. కోదండరామి కూడా కొన్ని సూత్రాలు కనిపెట్టాడు. గుడ్డ పైకప్పు బిగించడానికి పట్టే కాలమూ, వాన కురిసే కాలమూ ఎప్పుడూ సమానం. హారను నిర్మానుష్యమైన రోడ్డు మీదనే మోగుతుంది. మెకానిక్కును చూడగానే కారుకు ఆరోగ్యం వస్తుంది. మెకానిక్కు ఇంటికి పోగానే తిరగబెడుతుంది. ఇక, నెట్టడానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు చుట్టూ దొరికేది సలహాదారులే.

కోదండరామి కెమిస్ట్రీలో బి.ఎస్సీ. చదివాడు. నిదర్శనం లేని మాటను నమ్మనని బళ్ళారిలో అందరికీ చెప్పి, అవ్వ పంపమ్మ ముందు మాత్రం ఆ మాట అనకుండా బతుకుతున్నాడు. సిరుగుప్పలో వాళ్ళకొక బియ్యం మిల్లు ఉంది. ప్రతి శనివారమూ దాన్ని చూసి రావడం అతని పని. దారిలో సిరిగేరి దగ్గర ఒక క్యాంపు ఉంది. కాలువకు నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి, నల్లరేగడి భూములు కొని, వరి వేసుకున్న కుటుంబాలు కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు.

ఆ క్యాంపులో మొదటి ఇంటి ముందు కారు దగ్గింది, తుమ్మింది, ఆగింది.

"ఏమండీ! అడ్డంగా ఆపారేమండీ? వెనక బండ్లొస్తున్నాయి."

కోదండరామి తిరిగి చూశాడు. సైకిలు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. వేళ్ళకు సుద్దముక్క పొడి, కళ్ళల్లో చిరాకు. రెండూ ఆమెకు నప్పాయి.

"నేను ఆపలేదండీ. అదే నిలిచిపోయె."

"తనంతట తనే?"

"హౌదు. బ్రేకు మీద కాలు గూడా పెట్టలేదు."

"సరిగ్గా మా ఇంటి ముందే?"

"ఇది మీ ఇల్లని నాకేం తెలుసు? దానికి తెలిసిందేమో."

ఆమె నవ్వలేదు. కానీ నవ్వకుండా ఉండటానికి కొంత శ్రమపడింది. కోదండరామి పరిశీలనాశక్తి గలవాడు కనుక ఆ శ్రమను గమనించాడు.

ఆమె పేరు ఝాన్సీలక్ష్మి. గుంటూరులో ఫిజిక్సు చదివి, సిరిగేరి స్కూల్లో సైన్సు చెబుతోంది. శనివారం ఒంటిపూట బడి. ఇంతలో ఆమె తండ్రి బసవపున్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

"పెట్రోలుందా?" అన్నాడు.

కారు ఆగినచోట ప్రపంచంలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. ఆ కారులో పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు లేదు. కోదండరామి వెనక్కి వెళ్ళి, మూత తీసి, కర్ర ముంచి చూపించాడు.

"సగానికి పైగా ఉండాది యప్పా."

"అయితే ఇంకేం, వేడి. మధ్యాహ్నం అయ్యేసరికి గేదె నీళ్ళల్లో పడుకోదూ? దీనికీ అంతే. ఒరే, రెండు బిందెలు నీళ్ళు పొయ్యండ్రా!"

నీళ్ళు పోశారు. పొగలు వచ్చాయి. కోదండరామి మీట నొక్కాడు. కారు బుర్రుమని లేచింది.

"చూశావా?" అన్నాడు బసవపున్నయ్య. ఆ వారమంతా క్యాంపులో ఇంజను వైద్యుడిగా ఆయనకు పేరు వచ్చింది.

మరుసటి శనివారం కారు మళ్ళీ అక్కడే ఆగింది. బసవపున్నయ్య పొలంలో ఉన్నాడు. గట్టు మీద టీ అమ్మే కొట్రమ్మ వచ్చి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"పెట్రోలుండాదా?"

కోదండరామి మూత తీశాడు, కర్ర ముంచాడు. ఉంది.

"అయితే నోడప్పా, ఈ దినం ఏ వారం?"

"శనివారం."

"ఇంకేమడుగుతావు? వారం వారం ఆ వారమే నిలుస్తాంటే కనుక్కునే దానికి కాలేజి యాల? చక్రం కింద నిమ్మకాయ పెట్టు."

"నేను సైన్సు చదివినోణ్ణి, అక్కా."

"చదువుకోప్పా, బేడ, వద్దు అన్నానా? నిమ్మకాయను చూసి కారు నీ సర్టిఫికెట్టు అడుగుతాదా?"

గేటు దగ్గర నిలబడిన ఝాన్సీలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిమ్మకాయ పెట్టారు. మీట నొక్కారు. కారు నిమ్మకాయను చితకదొక్కి బయలుదేరింది.

ఆ తరువాతి శనివారం వైద్యుడు తిప్పన్న. కాలువ నీళ్ళను వంతుల ప్రకారం పొలాలకు వదిలే నీరుగంటి ఆయన.

"పెట్రోలు చూసినావా?... ఉండాది గదా. మరింక దిక్కు చూడు. ఉత్తరానికి మొగం పెట్టి నిలిచుండాది. కాలువ నీళ్ళు తూరుపుకి పారుతాండాయి. నీళ్ళకు అడ్డం నిలబడితే ఏ ప్రాణీ కదలదు. తూరుపుకు తిప్పప్పా."

తిప్పారు. మీట నొక్కారు. లేచింది.

దీంతో క్యాంపులో మూడు పక్షాలు ఏర్పడ్డాయి: నీళ్ళ పక్షం, నిమ్మకాయ పక్షం, తూర్పు పక్షం. ముగ్గురు వైద్యులకూ నిదర్శనం ఉంది, ముగ్గురూ ఓడిపోనివారే. ఒకే రోగానికి సంబంధం లేని మూడు మందులూ పనిచేస్తే, ఆ మూడింటిలో ఏదీ మందు కాకపోవచ్చునన్న అనుమానం క్యాంపు మొత్తంలో ఒక్కరికే వచ్చింది. ఆ ఒక్కరికీ సైకిలు ఉంది, సుద్దముక్కలు ఉన్నాయి.

"మీ సొంత సిద్ధాంతం ఏమిటండీ?" అని అడిగింది ఆమె, తల్లి పంపిన మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"ఇనుము." కోదండరామి గొంతు సవరించుకున్నాడు. "ఈ జిల్లా అంతా ఇనుప రాయి గదండీ. సండూరు కొండల నుంచి తోరణగల్లు దాకా నేలంతా అదే. ఆ అయస్కాంత శక్తి ఈ మలుపు కాడ కారును పట్టుకుంటాది."

"మరి నా సైకిలును పట్టుకోదేం?"

"...చిన్నది గదా."

"మా బండి చక్రాల పట్టాలను?"

"ఎద్దులు లాగుతాండాయి గదా."

"సండూరులోనే పుట్టిపెరిగినట్టు తిరిగిన కారండీ ఇది! కొండ మీద ఆగకుండా, ఇంత దూరం వచ్చి వరిపొలంలో ఆగుతుందా?"

కోదండరామి మజ్జిగ తాగాడు. తన సిద్ధాంతం కూలిపోయినందుకు ఇంత ఆనందం కలగడం శాస్త్రవిరుద్ధమని అతనికి తెలుసు. అయినా కలిగింది.

"మీరు ఇంటర్మీడియట్టు పిల్లోళ్ళను గూడా ఇట్లే ఏడిపిస్తారా?"

"మాది మిడిల్ స్కూలండీ. వాళ్ళు మీకన్నా బాగా చెబుతారు."

నాట్లు వేసే రోజుల్లో ఒక శనివారం వాన వచ్చింది. కారు అప్పటికే తన స్థానంలో ఆగి ఉంది. కోదండరామి పైకప్పుతో పోరాడుతున్నాడు. గుడ్డ ఒక వైపు లాగితే మరొక వైపు లేస్తోంది. సైకిలు మీద తడుస్తూ వస్తున్న ఝాన్సీలక్ష్మి ఆగి, ఏమీ అడగకుండా రెండో కొస పట్టుకుంది.

"లోపలికొచ్చి కూర్చోండి టీచరమ్మా, తడిసిపోతారు!"

"ఇంటికి ఇరవై గజాలేనండీ."

"వాన అంతకంటే పెద్దగుండాది."

ఈ వాదంలో ఏ హేతువూ లేదు. అయినా ఆమె కూర్చుంది. రెండే సీట్ల కారును కనిపెట్టినవాడు ఏ ఉద్దేశంతో కనిపెట్టాడోగాని, భుజాలకు చోటు తక్కువ ఇచ్చాడు. పైకప్పులో ఒకే ఒక్క చిల్లు ఉంది. అది కోదండరామి నెత్తి మీద ఉంది. నీళ్ళు బొట్లు బొట్లుగా అతని నుదుటి మీద పడి, ముక్కు మీదుగా దిగి, చొక్కాలోకి వెళుతున్నాయి.

"మీ వైపే ఎందుకు కారుతుందండీ?"

"ఇంగ్లీషు కారు గదా. ఆడోళ్ళకు మర్యాద చెయ్యడం ఆడ నేర్చుకోని వచ్చింది."

"జరగచ్చుగా ఇటు."

ఆ మాట నోటి నుంచి వచ్చాక ఆమె వాన వైపు చూసింది. అతడు గేరు వైపు చూశాడు. జరగలేదు. జరిగి ఉంటే ఆ వాన గురించి ఇంత జ్ఞాపకం ఉండేది కాదేమో.

మొదటి సూత్రం ప్రకారం, అతడు లోపలి నుంచే పైకప్పు చివరి గుండీ బిగించగానే వాన ఆగింది. అతడు దిగి, అలవాటుగా కర్ర తీసుకుని వెనక్కి వెళ్ళి, పెట్రోలు మూత తీశాడు. 'ఉస్స్' మని ఒక చిన్న శబ్దం. అప్పుడే దిగుతున్న ఝాన్సీలక్ష్మి తల తిప్పింది.

"ఆ మూత ఒకసారి ఇస్తారా?"

మూత మీద దట్టంగా పసుపు, దాని నడుమ కుంకుమ బొట్టు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"ఎవరు పెట్టారండీ ఈ బొట్టు?"

"మా అవ్వ. శుక్రవారం శుక్రవారం పెడతాది. గాలికి ఎగిరిపోకుండా ఆముదంతో కలిపి మెత్తుతాది. అవ్వా, మొగం ముందర ఉండాది గదా, ఈడెందుకు అని అడిగితే, 'పోసేది యాడో నోరు ఆడే, నోరు యాడో మొగం ఆడే' అనె. ఏమని వాదించేది?"

ఝాన్సీలక్ష్మి నవ్వింది. మొదటిసారి, ఏ శ్రమా లేకుండా, కొంగు అడ్డం లేకుండా, సైకిలు పడిపోయేంతగా నవ్వింది. అవ్వ తర్కానికి నవ్విందని కోదండరామి అనుకున్నాడు. సిరుగుప్ప చేరేదాకా ఆ నవ్వు కారులోనే ఉంది.

ఆ రోజు నుంచి ఆమెలో ఒక మార్పు వచ్చింది. కారు ఎందుకు ఆగుతుందన్న విషయంలో పూర్వమున్న ఆసక్తి పోయింది. కోదండరామి కొత్త సిద్ధాంతం చెబితే ఖండించడం కూడా మానేసింది.

"టీచరమ్మా, గాలిలో తేమ ఎక్కువై..."

"అయ్యుండచ్చండీ."

"లేదంటే, ఈ కారు పాత యజమాని మీద బెంగపెట్టుకుని..."

"అదీ అయ్యుండచ్చు. మజ్జిగలో అల్లం సరిపోయిందా?"

"సరిపోయింది. మీరేమనుకుంటాండారు?"

"నేనా? దీనికి మా ఇంటి మజ్జిగ మరిగిందనుకుంటున్నాను."

ఫిజిక్సు చదివిన మనిషి ఇలా మాట్లాడటం చూసి అతడు దిగులుపడవలసింది. పడలేదు. ప్రతి శనివారమూ బళ్ళారిలో కారెక్కేటప్పుడు, ఈరోజు ఆగకపోతే ఎట్లా అన్న భయం అతనికి పట్టుకుంది. కారు మాత్రం ఒక్కసారీ అన్యాయం చెయ్యలేదు.

అయితే క్యాంపుకు కళ్ళున్నాయి. వరి ఈనే నాటికి నీళ్ళ పక్షమూ, నిమ్మకాయ పక్షమూ, తూర్పు పక్షమూ పాతబడిపోయి నాలుగో పక్షం తయారైంది. ఆ పక్షం వాళ్ళు ఏమీ మాట్లాడేవారు కాదు. కారు ఆగగానే ఒకరినొకరు చూసుకుని దగ్గేవారు. కోతలు మొదలయ్యేసరికి ఆ దగ్గు బసవపున్నయ్య చెవిన పడింది.

"ఏవోయ్ అబ్బాయ్, ఇలా రా," అన్నాడాయన ఒక శనివారం. చేతిలో మజ్జిగ లేదు. "నా సిద్ధాంతం మార్చుకున్నాను."

"ఏందప్పా అది?"

"రోగం కారుకు కాదు."

కోదండరామి చెవులు ఎర్రబడ్డాయి.

"నేను ఆపడం లేదప్పా. అవ్వ మీద ఒట్టు."

"ఒట్లు నమ్మనని నువ్వే అందరికీ చెబుతావుగా? మా అమ్మాయికి తెనాలి నుంచి సంబంధం వచ్చింది. రెండు వారాల్లో చూసుకోవడానికి వస్తున్నారు. వాళ్ళ చెవిలో ఎవడో దగ్గితే నా బతుకేం కాను? ఇదిగో చెబుతున్నా విను. వచ్చే శనివారం ఈ కారులోనే, మా ఇంటి ముందు నుంచి, ఆగకుండా దాటిపో. దాటావా, నువ్వు నిజం చెప్పే మనిషివి. ఇంట్లోకి పిలిచి, నీకేమన్నా చెప్పాలనుంటే కూర్చోబెట్టి వింటాను. ఆగావా, మళ్ళీ ఈ దారిన కనపడకు."

ఈ పరీక్షలో తర్కదోషం ఉంది. ఆపగలిగినవాడు ఆపకుండానూ ఉండగలడు. నిజంగా జబ్బు చేసిన కారే ఓడిపోతుంది. అంటే ఈ పరీక్షలో అబద్ధాలకోరుకే గెలుపు సులభం. ఆ సంగతి కోదండరామికి వెంటనే తట్టింది. కానీ ఆడపిల్ల తండ్రికి తర్కం చెప్పి గెలిచినవాడు లేడు. పైగా 'ఏమన్నా చెప్పాలనుంటే' అన్న మాట అతని గుండెలో గంటలా మోగుతోంది. చెప్పాలని ఉంది. ఎన్నో నెలలుగా ఉంది.

గేటు దాటుతుంటే ఝాన్సీలక్ష్మి ఎదురొచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"శనివారం బయలుదేరేముందు ఆ పెట్రోలు మూత శుభ్రంగా తుడవండి."

"ఎందుకు?"

"ఎందుకని అడక్కండి."

"కారణం చెప్పకుండా చెయ్యమంటే, కొట్రమ్మ నిమ్మకాయకూ దీనికీ ఏంది తేడా?"

"తేడా ఉందండీ," అంది ఆమె, కళ్ళెత్తకుండా. "కొట్రమ్మ చెబితే మీరు నవ్వారు. నేను చెబితే చేస్తారు."

చేశాడు. శనివారం పొద్దున పాత గుడ్డను పెట్రోలులో ముంచి, పసుపూ కుంకుమా పోయేలా మూతను తళతళ తుడిచాడు. తరువాత మంచి చొక్కా వేసుకోవడానికి లోపలికి వెళ్ళాడు. అక్కడే తప్పు జరిగింది. తలుపు తీసుకుని పంపమ్మ వాకిట్లోకి వచ్చింది.

"అయ్యో అయ్యో! ముఖ్యమైన పని మీద పోతాండాడు పిల్లోడు, బోసి మొగం పెట్టుకోని నిలిచుండావేమే తల్లీ!" అంది కారుతో.

ముఖ్యమైన పనికి మామూలు బొట్టు చాలదు. గిన్నెడు పసుపు కలిపి, ఆముదం పోసి, రెండింతల మందాన మెత్తి, అర్ధరూపాయంత కుంకుమ పెట్టింది. కోదండరామి వచ్చి, అవ్వకు దండం పెట్టి, వెనక్కి చూడకుండా కారెక్కాడు. వెనకనున్న ట్యాంకు వెనక్కి చూడనివాడికి కనబడదు.

క్యాంపు మొత్తం రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉంది. కోతలు ఆపి కొడవళ్ళతో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. కొట్రమ్మ టీ బిందె గట్టు దించి తెచ్చింది. గేటు ముందు బసవపున్నయ్య చేతులు కట్టుకుని ఉన్నాడు. ఆయన పక్కన ఝాన్సీలక్ష్మి.

ఎర్ర కారు మలుపు తిరిగింది. వేగంగా వస్తోంది. "పో పో పో!" అని తిప్పన్న అరిచాడు.

కారు దగ్గింది. తుమ్మింది. ఝాన్సీలక్ష్మికి సరిగ్గా ఎదురుగా వచ్చి ఆగింది.

నాలుగో పక్షం కూడా దగ్గలేదు. బసవపున్నయ్య నిట్టూర్చాడు. ఆయనకూ ఇష్టం లేదని ఆ నిట్టూర్పులో తెలిసింది.

"అయిపోయిందోయ్. నెట్టిస్తాను, వెళ్ళు."

కోదండరామి దిగాడు. కాళ్ళు వాటంతట అవే వెనక్కి నడిచాయి. చెయ్యి అలవాటుగా కర్ర అందుకుంది.

"ఆగండి!" ఝాన్సీలక్ష్మి రోడ్డు మీదికి వచ్చేసింది. "మూత ముట్టుకోకండి! ఎవ్వరూ ముట్టుకోవద్దు!"

"అమ్మాయ్, లోపలికి పో."

"ఒక్క నిమిషం నాన్నా. ముందు మీ నీళ్ళు పోయించండి."

ఆ గొంతు తరగతిలో వినిపించే గొంతు. బిందెలు వచ్చాయి. నీళ్ళు పోశారు. కోదండరామి మీట నొక్కాడు. ఇంజను మూలిగింది, లేవలేదు.

"నిమ్మకాయ, కొట్రమ్మా."

పెట్టారు. లేవలేదు. కొట్రమ్మ నిమ్మకాయను తీసి వాసన చూసి, "తాజాదే గదా!" అంది.

"తిప్పన్నా, తూర్పుకు తిప్పించు."

తిప్పారు. లేవలేదు. తిప్పన్న కాలువ వంక అనుమానంగా చూశాడు.

"ఇన్నాళ్ళూ పనిచేసినవి ఈరోజు పనిచెయ్యలేదు," అంది ఝాన్సీలక్ష్మి. "ఏం తక్కువైంది? ఆలోచించండి. వైద్యం ఏదైనా, దానికి ముందు ప్రతిసారీ అందరూ చేయించిన పని ఒకటుంది."

"పెట్రోలు చూడడం," అన్నాడు తిప్పన్న.

"అంటే మూత తియ్యడం. ఈరోజు అదొక్కటే చెయ్యలేదు."

ఆమె జడలోంచి పిన్ను తీసి, మూత నడుమనున్న పసుపును గీకింది. పసుపు పెచ్చు లేచి, కింద సూది మొనంత రంధ్రం బయటపడింది. పిన్ను దూరింది. 'ఉస్స్' మన్న శబ్దం ముందు వరుసలో అందరికీ వినిపించింది.

"నూనె డబ్బాకు ఒక్క చిల్లే పొడిస్తే నూనె రాదు. రెండోది ఎందుకు పొడుస్తారు? గాలి లోపలికి పోవడానికి. ఈ రంధ్రం అందుకే ఉంది. శుక్రవారం పసుపుతో పూడిపోతుంది. బళ్ళారి నుంచి ఇక్కడిదాకా వచ్చేసరికి ట్యాంకులో గాలి చాలక పెట్రోలు దిగదు. సాయంత్రానికి ఎండకు పసుపు పగులుతుంది. అందుకే తిరుగుదారిలో ఆగదు. మీట నొక్కండి."

కారు బుర్రుమంది.

క్యాంపు చప్పట్లు కొట్టింది. కోదండరామి మాత్రం సీట్లోంచే వెనక్కి తిరిగి మూత మీది తాజా పసుపును చూస్తున్నాడు.

"ఎవరు పెట్టారోయ్ ఇది?" అన్నాడు బసవపున్నయ్య.

"మా అవ్వప్పా. పొద్దున నేను తుడిచినా. నాకు మంచి జరగాలని మళ్ళ పెట్టిండాది." అతడు చుట్టూ చూసి చేతులు జోడించాడు. "ఈ మాట ఎవరూ బళ్ళారిలో అనొద్దండప్పా. తన బొట్టు వల్లనే నిలిచె అని తెలిస్తే ముసలామె అన్నం తినదు. కావాలంటే, నేనే ఆపినానని చెప్పుకోండి. పోనీ."

బసవపున్నయ్య అతన్ని కొంతసేపు చూశాడు. తరువాత కూతురి వైపు తిరిగాడు.

"అమ్మాయ్. నీకిది ఇప్పుడే తట్టిందా?"

అవునంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. కానీ చుట్టూ ఉన్నవాళ్ళల్లో సగం మంది ఆమె దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు. పైగా ఆమెకు అబద్ధం చెప్పే అలవాటు లేదు. దాచే అలవాటు మాత్రం ఈమధ్యనే అయింది.

"లేదు నాన్నా."

"ఎప్పుడు తెలుసు?"

"వాన కురిసిన శనివారం."

"ఏ వాన? నాట్లప్పుడు వానా?" ఆయన గొంతు లేచింది. "ఇప్పుడు కోతలే, ఝాన్సీ!"

"అవును నాన్నా."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

ఝాన్సీలక్ష్మి కాలి బొటనవేలి వంక చూసుకుంది.

"చెబితే... ఆగదు కద నాన్నా."

కొట్రమ్మ టీ బిందె పట్టుకుని నేల మీద కూలబడి నవ్వింది. "అయ్యో దేవరే! పసుపు కాదప్పా, ఈ పాపే పట్టుకోనుండాది కారును!" కారులో కూర్చున్న కోదండరామి కాలు తనకు తెలియకుండానే యాక్సిలేటరును అదిమింది. ఇంజను క్యాంపు దద్దరిల్లేలా గర్జించింది. ఎద్దులు బెదిరాయి.

"చాల్లేవోయ్!" అని బసవపున్నయ్య చెవులు మూసుకుని అరిచాడు. "బాగయిందిగా, ఇక పో!"

కోదండరామి చెయ్యి చాపి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది.

"మళ్ళీ ఏమైందోయ్?"

"ఏం కాలేదప్పా. ఈసారి నేనే ఆపినా."

"ఎందుకు?"

"ఆగకుండా దాటితే ఇంట్లోకి పిలుస్తానంటిరి. దాటలేకపోతి. అయినా చెప్పాల్సింది ఉండాది. పిలుస్తారేమోనని..."

బసవపున్నయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కూతుర్ని చూశాడు. ఆమె జడ సగం విడిపోయి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. కారును చూశాడు. చివరికి తిప్పన్నతో, "సిరుగుప్ప వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, తెనాలికి టెలిగ్రాం ఇవ్వాలి," అన్నాడు. రెండడుగులు లోపలికి వేసి, వెనక్కి తిరక్కుండానే, "కాళ్ళు కడుక్కుని రా. భోజనాల వేళయింది. మీ అవ్వను తీసుకురావడానికి కారు పంపితే, దీన్ని మాత్రం పంపకు," అన్నాడు.

ఝాన్సీలక్ష్మి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కోదండరామి మెట్టు మీద నిలబడ్డాడు.

"ఇన్ని నెలలు!" అన్నాడు గొంతు తగ్గించి. "నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినాననుకున్నావు? మద్రాసు నుంచి తెప్పిస్తి!"

"తెలుసు. ఆ మలుపు దగ్గర తల గోక్కుంటూ మీరు ఆలోచిస్తుంటే, చూడ్డానికి చాలా బాగుండేదండీ."

"పాపం అనిపించలేదా?"

"అనిపించేది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా అనిపించేది."

"శనివారం?"

"శనివారం మజ్జిగలోకి అల్లం దంచేదాన్ని."

ఆమె అతని మొహం చూస్తూ నీళ్ళు పోసింది. అతడు ఆమె మొహం చూస్తూ పాదాలు రుద్దుకున్నాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా ఇద్దరూ కొంతసేపు అలాగే ఉన్నారు.

"ఏవోయ్," అని లోపలి నుంచి బసవపున్నయ్య గొంతు వినిపించింది, "మీ వైపు బూట్లు విప్పకుండా కాళ్ళు కడుక్కుంటారా?"